డౌన్‌లోడ్స్ గుట్టలో ఏ కాగితం ఎవరిది?

ఈసారి ప్రశ్నలన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డరు చుట్టూనే తిరిగాయి. అందుకని జవాబులన్నీ ఒకచోటే ఇస్తున్నాం. తెరమీద కనిపించే ఇంగ్లీషు మాటలను పలికినట్టే తెలుగులో రాశాం. టైపు చేయాల్సినచోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడండి.

ప్రశ్న: పన్ను రిటర్నులు వేసే చిన్న ఆఫీసు మాది. 120 మంది క్లయింట్లు. 26ఏఎస్‌లు (కోసిన పన్ను వివరాల పత్రాలు), జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే పడతాయి. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే పీడీఎఫ్‌లన్నీ ఒక ఫోల్డర్లో, ఎక్సెల్ ఫైళ్లన్నీ ఇంకో ఫోల్డర్లో, జిప్‌లు మరోచోట వేసింది. ఇప్పుడు ఒక్క క్లయింటు కాగితాల కోసం మూడు చోట్ల వెతుకుతున్నాం. ఏం చేయాలి?
– పన్ను సలహాదారు, హిమాయత్‌నగర్

జవాబు: ఆ సాఫ్ట్‌వేర్ చెప్పిన పనే చేసింది. చెప్పిన పనిలోనే లోపముంది. ఫైలు పేరు చివర ఉండే పీడీఎఫ్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అనే తోక ఆ ఫైలు దేనితో తెరుచుకుంటుందో చెబుతుంది. అది ఎవరిదో, ఎందుకో చెప్పదు. తోకను బట్టి సర్దడమంటే బీరువాలో తెల్ల కాగితాలు ఒక అరలో, పచ్చ కాగితాలు ఇంకో అరలో పెట్టడమే. చూడటానికి బాగుంటుంది, అవసరానికి దొరకదు.

మీ పనిలో ప్రతి క్లయింటుకూ మారని గుర్తు ఒకటుంది: పాన్. 26ఏఎస్ ఫైలు పేరులో పాన్ వస్తుంది. జీఎస్టీ పోర్టల్ నుంచి దించే 3బీ రిటర్ను పేరులో జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు), నెల, సంవత్సరం వస్తాయి. జీఎస్టీఐఎన్‌లో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం సంఖ్య: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది అచ్చంగా పాన్ నంబరే. అంటే ‘పేరులో ఈ పాన్ ఉంటే ఈ క్లయింటు ఫోల్డరుకు పంపు’ అనే ఒక్క నియమం ఆదాయపు పన్ను కాగితాలనూ జీఎస్టీ కాగితాలనూ కలిపి పట్టుకుంటుంది. హైదరాబాదులో ఒకటి, విజయవాడలో ఒకటి రిజిస్ట్రేషన్ ఉన్న క్లయింటు కాగితాలు కూడా ఒకే చోటికి చేరతాయి. పేరులో పాన్ అసలు లేకుండా, లేదా అందులో కొన్ని అక్షరాలతోనే దిగే ఫైళ్లకు మాత్రం ఈ నియమం పనిచేయదు. అందుకని పోర్టల్ ఏ కాగితానికి ఏ పేరు పెడుతోందో ముందు ఒకసారి వరసగా చూసుకోండి.

దీనికి విండోస్ 11లో ముందే ఉండే పవర్ ఆటోమేట్ చాలు, మనం పేర్చిన పనులను వరసగా చేసిపెట్టే ప్రోగ్రాం అది. విండోస్ 10 వాళ్లకూ ఉచితమే. మొదట నోట్‌ప్యాడ్‌లో ఒక జాబితా రాయండి. మొదటి వరసలో రెండు శీర్షికలు, పాన్, ఫోల్డర్, మధ్యలో కామా. కింద ఒక్కో వరసకు ఒక్కో క్లయింటు పాన్, ఆ తర్వాత కామా, అతని ఫోల్డరు పూర్తి దారి. దీన్ని సీఎస్‌వీగా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి. ఫోల్డర్లన్నీ ముందే సృష్టించి ఉండాలి. చేరాల్సిన ఫోల్డరు లేకపోతే ఫ్లో (మీరు పేర్చిన పనుల వరస) అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

తర్వాత పవర్ ఆటోమేట్‌లో కొత్త ఫ్లో తెరిచి వరసగా ఇవి చేర్చండి. రీడ్ ఫ్రమ్ సీఎస్‌వీ ఫైల్: మీ జాబితా ఇచ్చి, అడ్వాన్స్‌డ్‌లో మొదటి వరస శీర్షికలన్న ఆప్షన్ ఆన్ చేయండి. గెట్ ఫైల్స్ ఇన్ ఫోల్డర్: డౌన్‌లోడ్స్ దారి ఇచ్చి, ఫైల్ ఫిల్టర్‌లో పీడీఎఫ్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, జిప్ మూడింటినీ ఒక్కోదానికి ముందు నక్షత్రం, చుక్క పెట్టి, మధ్యలో సెమికోలన్‌తో రాయండి. ఉపఫోల్డర్లను కలపవద్దు. ఆపైన ఫైళ్ల మీద ఒక ఫర్ ఈచ్ (ఒక్కోదాన్నీ వరసగా తీసుకునే లూప్), దాని లోపల జాబితా వరసల మీద ఇంకో ఫర్ ఈచ్. లోపలిదానిలో ఇఫ్ పెట్టి, ఫైలు పేరులో ఆ వరస పాన్ ఉందా అని కంటెయిన్స్‌తో అడగండి. ఇగ్నోర్ కేస్ ఆన్‌లో ఉండాలి. ఉంటే మూవ్ ఫైల్స్, దాని వెంటనే ఎగ్జిట్ లూప్. ఈ ఎగ్జిట్ లూప్‌ను చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే ఫైలు వెళ్లిపోయాక కూడా మిగతా వరసలతో పోలుస్తూనే ఉంటుంది. ఇంకో వరస కూడా సరిపోయిందంటే, లేని ఫైలును కదపబోయి ఎర్రర్ ఇస్తుంది.

మూవ్ ఫైల్స్‌లో ‘ఇఫ్ ఫైల్ ఎగ్జిస్ట్స్’ దగ్గర డూ నథింగ్ మాత్రమే ఎంచుకోండి, ఓవర్‌రైట్ వద్దు. అదే పేరుతో పాత ఫైలు ఉంటే కొత్తది డౌన్‌లోడ్స్‌లోనే మిగిలిపోతుంది. మిగిలిన వాటిని మనిషే చూసి తేల్చాలి. సవరించిన రిటర్ను, పాత రిటర్ను ఒకే పేరుతో ఉండే అవకాశం మీ పనిలో ఎక్కువ. జాబితా చివర ఖాళీ వరసలు కూడా లేకుండా చూసుకోండి. ఖాళీ మాట ప్రతి పేరులోనూ ఉన్నట్టే లెక్కగట్టి, ఫైళ్లన్నిటినీ పట్టేసే ప్రమాదం ఉంది.

మొదటిసారి అసలు ఫోల్డరు మీద నడపవద్దు. 20 ఫైళ్లు ఒక పరీక్ష ఫోల్డర్లోకి కాపీ చేసి, మూవ్ బదులు కాపీ ఫైల్స్ పెట్టి చూడండి. 20లో ఒక్కటి తప్పుచోటికి వెళ్లినా నియమం ఇంకా కుదరలేదన్నమాటే. ఒకరి స్టేట్‌మెంట్ ఇంకొకరి ఫోల్డర్లో పడటం అసలు సర్దకపోవడం కంటే పెద్ద ప్రమాదం. ఉచిత లైసెన్సులో ఫ్లోను మీరే నొక్కి నడపాలి, టైము ప్రకారం దానంతటదే నడవాలంటే డబ్బు కట్టాలి. మీకైతే సాయంత్రం ఆఫీసు మూసే ముందు ఒకసారి నొక్కడమే మేలని మా సలహా. ఏం కదిలిందో కళ్లతో చూస్తారు.

సంవత్సరం దగ్గర ఇంకో చిక్కుంది. సర్దే సాఫ్ట్‌వేర్లు మామూలుగా తేదీని క్యాలెండరు సంవత్సరంగానే చూస్తాయి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. 2026 ఫిబ్రవరిలో దించిన జీఎస్టీ రిటర్ను 2025-26కు చెందాలి, సాఫ్ట్‌వేర్ మాత్రం 2026లో వేస్తుంది. నెల 1, 2, 3 అయితే సంవత్సరంలోంచి ఒకటి తీసెయ్యమని విడిగా షరతు పెట్టాలి. అంతకంటే మంచిది, దించిన తేదీని వదిలేసి ఫైలు పేరులో ఉన్న నెలనే పట్టుకోవడం. జూలైలో పాత సంవత్సరాల కాగితాలు దించడం మీకు మామూలే కదా. ఫోల్డరు పేరులో ఉత్త 2025-26 అని రాయకండి, అది ఆర్థిక సంవత్సరమో, దాని మరుసటిదైన అసెస్‌మెంట్ సంవత్సరమో చూసినవాళ్లకు తెలియదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ‘ట్యాక్స్ ఇయర్’ అనే మాట వచ్చింది. ఇకమీద ఈ జాగ్రత్త మరీ అవసరం.

బ్యాంకు స్టేట్‌మెంట్ల సంగతి వేరు. వాటి పేరులో పాన్ ఉండదు. ఫైలు లోపలి అక్షరాలు చదివి సర్దే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ లోపలికి అవి చూడలేవు, స్కాన్ చేసిన కాగితంలో అవి చదవడానికి అక్షరాలే ఉండవు. వీటికి క్రోమ్ సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి, దించే ముందు ప్రతిసారీ ఎక్కడ సేవ్ చేయాలో అడగమనే మీటను ఆన్ చేయండి. డైలాగ్ వచ్చినప్పుడు పేరు ముందు పాన్ టైపు చేసి డౌన్‌లోడ్స్‌లోనే వదిలేస్తే చాలు, సాయంత్రం ఫ్లో మిగతాది చూసుకుంటుంది.

ఆఖరి మాట క్లయింటు ఫోల్డర్ల చోటు గురించి. డాక్యుమెంట్స్‌లో పెడితే, ఆ కంప్యూటర్లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉచితంగా వచ్చేది 5 జీబీ. 120 మంది కాగితాలతో అది నిండటం ఒక సమస్య, వాళ్లకు చెప్పకుండా అవి క్లౌడ్‌కు ఎక్కడం ఇంకా పెద్ద సమస్య. డి డ్రైవ్‌లో పెడితే ఈ గొడవ లేదు. అయితే సి నుంచి డికి మూవ్ అంటే లోపల జరిగేది కాపీ చేసి పాతది తీసెయ్యడం. పెద్ద జిప్‌లకు కొంత సమయం పడుతుంది, మధ్యలో కంప్యూటర్ ఆపకండి.

ప్రశ్న: డౌన్‌లోడ్స్‌లో ఏ ఫైలు పడినా వెంటనే కదిలించే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాను. ఫైర్‌ఫాక్స్‌లో పెద్ద ఫైళ్లు దిగుతుంటే మధ్యలో ఫెయిల్ అవుతున్నాయి. చేరినచోట 0 కేబీ ఫైళ్లు కనిపిస్తున్నాయి. తప్పెక్కడ?
– బీటెక్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ‘వెంటనే’ అన్నచోటే ఉంది. ఫైర్‌ఫాక్స్ ఒక ఫైలును దించడం మొదలుపెట్టగానే డౌన్‌లోడ్స్‌లో రెండు ఫైళ్లు పుడతాయి. ఒకటి అసలు పేరుతో, లోపల ఏమీ లేకుండా, ఆ పేరును పట్టి ఉంచడానికి. రెండోది ‘పార్ట్’ అనే తోకతో, డేటా అంతా దిగేది దానిలోకే. పూర్తయ్యాక పార్ట్ ఫైలు అసలు పేరులోకి మారుతుంది. మీ ప్రోగ్రాం ఆ ఖాళీ ఫైలును చూసి, ఇదేదో పీడీఎఫ్ వచ్చిందనుకుని ఎత్తుకెళ్తోంది. క్రోమ్, ఎడ్జ్‌లలో దిగుతున్న ఫైలుకు ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అనే తోక ఉంటుంది. మ్యాక్‌లో సఫారీ అయితే ‘డౌన్‌లోడ్’ అనే తోక.

మూడు షరతులు పెట్టండి. ఈ మూడు తోకలున్న ఫైళ్లను ముట్టుకోకూడదు. సైజు 0 ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. చివరిసారి మారిన సమయానికీ ఇప్పటికీ కనీసం 10 నిమిషాల తేడా ఉండాలి. మూడోది ఒక్కటే చాలనుకోకండి: నెట్ పోయి డౌన్‌లోడ్ ఆగిందంటే 10 నిమిషాలు ఇట్టే దాటిపోతాయి.

తేదీ షరతు మీద ఇంకొకటి. జిప్ విప్పితే లోపలి ఫైళ్లకు పాత తేదీలే ఉంటాయి, అంటే సగం విప్పి ఉండగానే అవి 10 నిమిషాల షరతు దాటేస్తాయి. విప్పడానికి డౌన్‌లోడ్స్ బయట ఒక ఫోల్డరు పెట్టుకోండి. భాగాలుగా వచ్చే ఆర్‌ఏఆర్ ఫైళ్లు, పార్ట్ 1, పార్ట్ 2 అని ఉండేవి, అన్నీ దిగేదాకా ఒకేచోట ఉండాలి. క్రోమ్‌లో వెబ్ పేజీని మొత్తంగా సేవ్ చేస్తే హెచ్‌టీఎంఎల్ ఫైలు పక్కనే అదే పేరుతో, చివర ‘ఫైల్స్’ అన్న మాటతో ఒక ఫోల్డరు వస్తుంది. హెచ్‌టీఎంఎల్‌ను ఒక్కదాన్నే కదిపితే పేజీలో బొమ్మలన్నీ పోతాయి.

ఇన్‌స్టాలర్లను విడిగా వేసే నియమం ఉంటే, ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి పెట్టుకోండి. విండోస్ మామూలుగా తోకలను దాచేస్తుంది. అప్పుడు ‘పీడీఎఫ్’ తర్వాత ‘ఈఎక్స్ఈ’ ఉన్న దొంగ ఫైలు మామూలు పీడీఎఫ్‌లా కనిపిస్తుంది. పేరులో రెండు తోకలున్న దేన్నీ మీ ప్రోగ్రాం ఎక్కడికీ పంపకుండా పక్కన పెట్టేలా చూడండి.

ప్రశ్న: మాది నెట్, జిరాక్స్ సెంటర్. కస్టమర్ల ఆధార్‌లు, హాల్ టికెట్లు, కుల ధ్రువపత్రాలు రోజూ వందల్లో దించి ప్రింటు తీస్తాం. వీటిని కస్టమర్ పేరుతో దానంతటదే సర్దే ఏర్పాటు కావాలి.
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దయచేసి సర్దకండి, తీసేయండి. అవి మీ కాగితాలు కావు. పేరువారీగా సర్దిన 2,000 ఆధార్‌లు ఒక కంప్యూటర్లో ఉంటే, ఆ కంప్యూటర్ ఎవరి చేతిలో పడినా పని సులువు చేసిపెట్టినట్టే. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అనుకోవద్దు. పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ రెండూ పక్కనే ఉన్న హాల్ టికెట్ మీదే ఉంటాయి. వ్యక్తిగత సమాచారాన్ని అవసరం తీరాక ఉంచుకోకూడదన్న సూత్రం 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ ఉంది.

ఇన్‌కాగ్నిటోలో పనిచేస్తే ఫైళ్లు వాటంతటవే పోతాయని చాలా సెంటర్లలో నమ్మకం. పోవు. ఇన్‌కాగ్నిటో మర్చిపోయేది చరిత్రను, కుకీలను. దించిన ఫైలు ఫోల్డర్లో అలాగే ఉంటుంది.

ఏర్పాటు ఇలా చేయండి. క్రోమ్‌లో కస్టమర్ పనికి విడి ప్రొఫైల్ తెరిచి, దాని డౌన్‌లోడ్ చోటును ‘ఈరోజు’ అనే ఫోల్డరుకు మార్చండి. మీ సెంటరు లెక్కలు, అద్దె కాగితాలు మీ సొంత ప్రొఫైల్లోనే ఉండాలి. రాత్రి షట్టరు దించే ముందు ‘ఈరోజు’ మొత్తం ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. అలా చేస్తే రీసైకిల్ బిన్‌కు కూడా వెళ్లదు.

విండోస్ స్టోరేజ్ సెన్స్‌లో డౌన్‌లోడ్స్‌ను దానంతటదే ఖాళీ చేసే సౌకర్యం ఉంది: 1, 14, 30 లేదా 60 రోజులు తెరవని ఫైళ్లు. మామూలుగా అది నెవర్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే అది డౌన్‌లోడ్స్ ఫోల్డరుకే వర్తిస్తుంది, మీ ‘ఈరోజు’కు కాదు. మీ సొంత కాగితాలు డౌన్‌లోడ్స్‌లో ఉంటే అవీ పోతాయి. అందుకే చేత్తో తీసెయ్యమంటున్నాం. హిమాయత్‌నగర్ పాఠకులు కూడా తమ కంప్యూటర్లో ఈ మీట నెవర్‌లోనే ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

కస్టమర్ ఆధార్ దించేటప్పుడు పనికి సరిపోతుందంటే మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకోండి. చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదు, ఫోనే. కరెంటు బిల్లులు, జలమండలి బిల్లులు, జీహెచ్‌ఎంసీ పన్ను రసీదులు, మా ఇంటి ఈసీ అన్నీ కలిసిపోయాయి. కొన్ని వాట్సాప్‌లో వచ్చినవి. ఫోనులో దానంతటదే సర్దే వీలుందా?
– గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: మీ అవసరానికి అంత యంత్రాంగం వద్దమ్మా. నెలకు మహా అయితే నాలుగైదు కాగితాలు. ఫైల్స్ బై గూగుల్ యాప్‌లో ఇంటర్నల్ స్టోరేజ్, డాక్యుమెంట్స్‌లోకి వెళ్లి ‘ఇల్లు’ అని ఒక ఫోల్డరు, దానిలో కరెంటు, నీళ్లు, ఇంటి పన్ను, స్థలం కాగితాలు అని నాలుగు ఫోల్డర్లు చేయండి. కాగితం దించిన రోజే పేరు మార్చి పంపండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత విషయం: 2026-04 కరెంటు. ఇలా రాస్తే పేరు వరసే తేదీ వరస అవుతుంది. నెల ముందు, సంవత్సరం తర్వాత రాస్తే ప్రతి ఏడాది జనవరీలన్నీ ఒకచోట చేరతాయి. ఒక అంకె నెలలకు ముందు సున్నా వేయడం మరవకండి, లేకపోతే 10వ నెల 2వ నెల కంటే ముందుకొస్తుంది.

వాట్సాప్ కాగితాలను మాత్రం మూవ్ చేయకండి, కాపీ చేయండి. వాట్సాప్ తన సొంత ఫోల్డర్లోనే వాటిని వెతుక్కుంటుంది. అక్కడి నుంచి కదిపితే చాట్‌లో నొక్కినప్పుడు ఫైలు దొరకడం లేదంటుంది.

స్థలం కాగితాలకు ఫోనొక్కటే దిక్కు కాకూడదు. ఆ ఫోల్డరును ఆరు నెలలకోసారి పెన్ డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సులాంటివి డిజిలాకర్‌లో ఉంటే ఫోనులో విడి కాపీలు అక్కర్లేదు.

ప్రశ్న: డీటీపీ సెంటర్ మాది. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. ఫైళ్లను రకాలవారీగా సర్దే నియమం పెట్టాక పేజ్‌మేకర్ ఫైళ్లలో ఫొటోలు కనపడటం లేదు. తెలుగు పేర్లున్న ఫైళ్లు కొన్ని కదలనే లేదు.
– చిక్కడపల్లి

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. పేజ్‌మేకర్ పెద్ద ఫొటోలను తనలో కలుపుకోకుండా, అవి ఉన్న దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. జేపీజీలన్నీ ఒక ఫోల్డరుకు పోగానే ఆ దారి తెగింది. కోరల్ డ్రాలో లింకుగా తెచ్చిన బొమ్మలదీ ఇదే కథ. మీ దగ్గర సర్దాల్సిన ప్రమాణం ఫైలు కాదు, జాబ్. ఒక శుభలేఖకు చెందిన పేజ్‌మేకర్ ఫైలు, ఫొటోలు, ఫాంట్లు ఒకే ఫోల్డర్లో ఉండాలి, కదిలితే ఆ ఫోల్డరంతా కదలాలి. రకాలవారీ నియమాన్ని ఇవాళే ఆపేయండి. ఇప్పటికే తెగిన వాటికి పేజ్‌మేకర్ ఫైల్ మెనూలో లింక్స్ మేనేజర్ తెరిచి ఒక్కో ఫొటోకు కొత్త దారి చూపించాలి. దానికి అడ్డదారి లేదు.

తెలుగు పేర్ల విషయం అక్షరాల లెక్కది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫైలు పూర్తి దారి 260 అక్షరాలు దాటకూడదు. కంప్యూటర్ లెక్క మన లెక్కలా ఉండదు. ‘కార్తీక్’ మనకు మూడక్షరాలు. కంప్యూటర్‌కు క, దీర్ఘం, ర, పొల్లు, త, గుడి దీర్ఘం, క, పొల్లు: మొత్తం 8. పొడుగు పేరున్న ఫైలు మూడు ఫోల్డర్ల లోతుకు వెళ్తే హద్దు దాటుతుంది. ఫోన్లలో, లినక్స్‌లో ఇంకా ఇరుకు. అక్కడ ఒక్క పేరుకు 255 బైట్లే చోటు. తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు తింటుంది, అంటే 85 గుర్తులతో సరి. ఫోల్డర్లకు జాబ్ నంబరు, తేదీ అంకెల్లో పెట్టండి, తెలుగు పేరు లోపలి ఫైలుకు ఉంచండి. దారి పొట్టిగా ఉండటానికి జాబ్ ఫోల్డర్లను నేరుగా డి డ్రైవ్ మొదట్లోనే పెట్టుకోండి.

కస్టమర్ పంపిన జిప్ విప్పితే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తే, ఆ జిప్ చేసిన ప్రోగ్రాం పేర్లను యూటీఎఫ్-8లో రాయలేదని అర్థం. లోపలి ఫైళ్లు బాగానే ఉంటాయి, పేర్లే చెడతాయి. జాబ్ ఫోల్డర్లో పడ్డాక చేత్తో పేరు మార్చండి.

ప్రశ్న: మ్యాక్‌లో దీనికి డబ్బు పెట్టకుండా కుదురుతుందా?
– నానక్‌రామ్‌గూడ

జవాబు: కుదురుతుంది. ఆటోమేటర్ తెరిచి ఫోల్డర్ యాక్షన్ ఎంచుకుని, డౌన్‌లోడ్స్‌ను చూపించండి. ఫిల్టర్ ఫైండర్ ఐటెమ్స్‌లో పేరు షరతు, దాని కింద మూవ్ ఫైండర్ ఐటెమ్స్. ఒక ఫోల్డర్ యాక్షన్‌లో ఒక షరతు, ఒక గమ్యం పెడితేనే తర్వాత సరిచేసుకోవడం తేలిక. పది షరతులు దాటితే హేజెల్ అనే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టడం మేలు. ఫైలు ఏ సైటు నుంచి దిగిందో మ్యాక్ ఫైలుతోపాటే రాసి ఉంచుతుంది, హేజెల్ దాన్ని చదివి సర్దగలదు. దానిలో నియమాలు పైనుంచి కిందికి చూస్తూ వస్తాయి, ముందు సరిపోయినదే అమలవుతుంది. అందుకని ‘పేరులో ఇది ఉంటే’ అనే ఇరుకు నియమాలు పైన, ‘ఏ పీడీఎఫ్ అయినా’ అనే వెడల్పు నియమం అన్నిటికంటే అడుగున ఉండాలి. తారుమారైతే అన్ని పీడీఎఫ్‌లూ మొదటి నియమానికే చిక్కి, కిందివాటి దాకా ఒక్కటీ రాదు.